బొగ్గుకూ ఒక గతం ఉంటుంది: బయోమాస్, నేలబొగ్గు చార్‌ల చర్యాశీలతపై ప్రసంగం

సభకు నమస్కారం.

నా ముందున్న ఈ బల్ల మీద నాలుగు పింగాణీ గిన్నెలు ఉన్నాయి. వెనక వరుసల్లో కూర్చున్నవారికి నాలుగింటిలోనూ ఒకే నల్లటి పదార్థం కనిపిస్తూ ఉండాలి. మొదటి గిన్నెలో ఉన్నది సరుగుడు కట్టెను కాల్చి చేసిన బొగ్గు. రెండోది ఒక రైస్ మిల్లులోని గ్యాసిఫయర్, అంటే ఘన ఇంధనాన్ని మండే వాయువుగా మార్చే పాత్ర, అడుగు నుంచి తెచ్చుకున్న ఊక బొగ్గు. మూడోది సింగరేణి బొగ్గును గాలి తగలకుండా 900 డిగ్రీల దాకా వేడి చేయగా మిగిలినది. నాలుగోది ఉక్కు కర్మాగారాల్లో బ్లాస్ట్ ఫర్నేసులకు వేసే కోక్. ఈ నాలుగింటినీ 900 డిగ్రీల దగ్గర ఒకే కార్బన్ డయాక్సైడ్ ప్రవాహంలో ఉంచితే, సరుగుడు బొగ్గు చూస్తూ ఉండగానే తరిగిపోతుంది. కోక్ మాత్రం గంటలు గడిచినా పెద్దగా చలించదు. రెండింటిలోనూ ఉన్నది ప్రధానంగా కార్బనే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు వస్తుంది అన్నదే ఈ సాయంత్రం నేను మీతో పంచుకోదలచిన విషయం.

ముందుగా మాటల సంగతి చూద్దాం. తెలుగులో కట్టెను కాల్చినా బొగ్గే, గనిలో తవ్వినా బొగ్గే. ఈ ఇబ్బంది పోవడానికే కాబోలు, మన పెద్దలు గనిలో దొరికేదాన్ని రాక్షసి బొగ్గు అన్నారు. నేను ఈ ప్రసంగంలో దానిని నేలబొగ్గు అంటాను. కట్టె, ఊక, పత్తి కట్టె, వరిగడ్డి వంటివాటన్నిటినీ కలిపి బయోమాస్ అంటాను. వీటిలో దేనినైనా గాలి లేకుండా, లేదా చాలీచాలని గాలిలో వేడి చేస్తే మొదట తేమ పోతుంది, ఆ తరువాత తారు, మండే వాయువులు బయటికి వస్తాయి, చివరికి నల్లటి ఘనపదార్థం మిగులుతుంది. దానిని చార్ అంటారు. మీ ఇంటి పెరట్లో కట్టెపొయ్యి మంట ఆరిన తరువాత మిగిలే నిప్పు కణికలు చార్ తప్ప మరొకటి కావు.

ఎండిన కట్టె బరువులో ముప్పాతిక వంతుకు పైగా వాయువులుగా, ఆవిర్లుగా వెళ్ళిపోతుంది కాబట్టి చార్ మిగిలేది కొంచెమే. అయినా గ్యాసిఫయర్ రూపకల్పన చేసే ఇంజనీరుకు నిద్ర పట్టనివ్వనిది ఆ కొంచెమే. చిన్న ముక్కలో అస్థిర పదార్థాలు, అంటే ఆ తారు, వాయువులు, సెకన్లలో బయటపడతాయి; మిగిలిన చార్ పూర్తిగా వాయువుగా మారడానికి నిమిషాలు, ఒక్కొక్కసారి గంటలు పడుతుంది. అందువల్ల పాత్ర ఎంత ఎత్తు ఉండాలి, ముక్క లోపల ఎంతసేపు ఉండాలి, బూడిదతో పాటు ఎంత కార్బన్ వృథాగా బయటికి పోతుంది అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు చార్ ఎంత చురుకుగా చర్య జరుపుతుంది అన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ చురుకుదనాన్నే చర్యాశీలత అంటున్నాం. లెక్కలో చెప్పాలంటే, మిగిలి ఉన్న ప్రతి గ్రాము కార్బన్‌కు నిమిషానికి ఎంత కార్బన్ తరిగిపోతోంది అన్నది.

ఏ వాయువుతో చర్య అన్నది చెప్పకుండా చర్యాశీలత గురించి మాట్లాడటంలో అర్థం లేదు. వాకర్, రుసింకో, ఆస్టిన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1959లో ప్రచురించిన సమీక్షలో ఇచ్చిన పోలిక ఇప్పటికీ తరగతి గదుల్లో చెబుతూ ఉంటాం. 800 డిగ్రీల దగ్గర, వాతావరణ పీడనంలో పదో వంతు పీడనం వద్ద, కార్బన్ డయాక్సైడ్‌తో కార్బన్ చర్యా వేగాన్ని 1 అనుకుంటే, నీటి ఆవిరితో అది 3, ఆక్సిజన్‌తో లక్ష, హైడ్రోజన్‌తో వెయ్యింట మూడు వంతులు. ఆక్సిజన్‌తో చర్య వేడిని విడుదల చేస్తుంది; ఆవిరితో, కార్బన్ డయాక్సైడ్‌తో జరిగే చర్యలు వేడిని పీల్చుకుంటాయి. కనుక గ్యాసిఫయర్‌లో ఆక్సిజన్ ముందుగా అయిపోతుంది, మిగిలిన చార్‌ను నెమ్మదిగా నడిచే రెండు చర్యల చేతిలో పెట్టి వెళుతుంది. చార్ గుణం అసలు బయటపడేది అక్కడే.

దీనిని కొలిచే పరికరం ఉష్ణ తులామానం. కొలిమిలో వేలాడుతున్న ఒక త్రాసు అనుకోండి. జపాన్ శాస్త్రజ్ఞుడు కోటారో హోండా 1915లో దీని తొలి రూపాన్ని తయారు చేశాడు. నేటి పరికరంలో బఠాణీ గింజ పట్టేటంత ప్లాటినం గిన్నె ఉంటుంది. అందులో పది మిల్లీగ్రాముల చార్ పొడిని, అంటే దాదాపు మూడు నువ్వు గింజల బరువును, పలచటి పొరగా పరుస్తాం. నైట్రోజన్‌లో వేడి చేసి, కావలసిన ఉష్ణోగ్రత నిలబడ్డాక నైట్రోజన్ ఆపి కార్బన్ డయాక్సైడ్ వదులుతాం. తెర మీద బరువు గీత కిందికి జారడం మొదలుపెడుతుంది. ఎక్కువ పొడి వేస్తే గీత అందంగా వస్తుంది కానీ కొలత తప్పుతుంది, ఎందుకంటే అడుగు పొరకు వాయువు అందదు. పైసా ఖర్చు లేకుండా జరిగే ఈ పొరపాటు ఎన్నో మంచి ప్రయోగాలను పాడు చేసింది.

నా పొరపాటు మరొక రకంది. పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో నా బల్ల మీద రెండు సీసాలు ఉండేవి. రెండింటి మీదా నా చేతిరాతతో "సుబాబుల్ చార్, 900" అని రాసి ఉంది. ఒకే చెట్టు కట్టె, ఒకే కొలిమి, ఒకే ఉష్ణోగ్రత. అయినా రెండో సీసాలోని చార్, మొదటిదాని వేగంలో సగం వేగంతో కూడా తరగలేదు. వారం రోజులు త్రాసును అనుమానించాను, సిలిండర్‌ను అనుమానించాను, ఉష్ణోగ్రత చూపే తీగను మార్చాను. చివరికి కొలిమి పుస్తకం తిరగేస్తే సంగతి తెలిసింది. రెండో సీసా తయారు చేసిన రాత్రి నేను కొలిమి ఆపడం మరిచి ఇంటికి వెళ్ళిపోయాను. నైట్రోజన్ పారుతూనే ఉంది కనుక చార్ కాలిపోలేదు, తెల్లవారే దాకా 900 డిగ్రీల దగ్గర మగ్గింది. ఇంధనం పేరు, ఉష్ణోగ్రత రెండూ రాసుకున్నాను. ఎంతసేపు ఉంచానన్నది రాసుకోలేదు. చర్యాశీలత ఇంధనానికి పేరులా అతికి ఉండే గుణం కాదని, ఆ ముక్క ఎక్కడ పుట్టి ఏమేమి అనుభవించిందో దాని లెక్క అని అప్పుడు బుర్రకెక్కింది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది కూడా అదే.

పుట్టుకతో మొదలుపెడదాం. కట్టెలో దాదాపు సగం బరువు కార్బన్, నలభై శాతానికి పైగా ఆక్సిజన్. నేలబొగ్గులో, అది ఎంత పాతబడితే అంతగా, ఆక్సిజన్ తగ్గి కార్బన్ పెరుగుతుంది. లిగ్నైట్, ఆపైన సబ్‌బిట్యుమినస్, బిట్యుమినస్, చివరికి ఆంత్రసైట్: ఈ వరుసలో ముందుకు పోయే కొద్దీ వాటి నుంచి వచ్చే చార్ మొద్దుబారుతూ పోతుంది. దీని వెనక ఉన్న కారణాన్ని అందంగా విప్పి చూపినవారిలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఒకరు. డీఎన్ఏ ఎక్స్-రే చిత్రాల వల్ల ఆమె పేరు మీ అందరికీ తెలుసు. అంతకు ముందు 1942 నుంచి బ్రిటన్ బొగ్గు వినియోగ పరిశోధన సంఘంలో పనిచేసి, నేలబొగ్గులోని సూక్ష్మ రంధ్రాల మీద పరిశోధన చేసి, 1945లో డాక్టరేట్ పొందిందన్న సంగతి చాలామందికి తెలియదు. తరువాత పారిస్‌లో రకరకాల కార్బన్‌లను వేల డిగ్రీలకు వేడి చేసి ఎక్స్-రేలతో పరిశీలించింది. 1951లో ప్రచురించిన పత్రంలో కార్బన్‌లు రెండు జాతులని చూపించింది. కొన్నింటిని వేడి చేస్తే లోపలి పొరలు సర్దుకుని గ్రాఫైట్‌గా మారతాయి. మరికొన్ని ఎంత వేడి చేసినా అలా మారవు.

ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న పదార్థం వేడెక్కినప్పుడు, కరగక ముందే దాని అణువుల మధ్య అడ్డ బంధాలు బిగుసుకుంటాయి. ఆ తరువాత పొరలు జరిగి ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడానికి వీలుండదు. కట్టె బొగ్గు అలాంటిది. కోక్ తయారీకి వాడే కోకింగ్ బొగ్గు మాత్రం నాలుగైదు వందల డిగ్రీల ప్రాంతంలో మెత్తబడి, పాకంలా అయి, మళ్ళీ గట్టిపడుతుంది. ఆ మెత్తబడ్డ కాసేపట్లో పొరలు వరుసగా సర్దుకునే అవకాశం దొరుకుతుంది. ఈ సర్దుబాటుకూ చర్యాశీలతకూ సంబంధం ఏమిటంటే, కార్బన్ పొర మధ్యలో ఉన్న పరమాణువుకు మూడు వైపులా చుట్టాలున్నారు కనుక అది ఎవరినీ దగ్గరికి రానివ్వదు. అంచున ఉన్న పరమాణువుకు ఒక చేయి ఖాళీగా ఉంటుంది. ఆక్సిజన్ వచ్చి పట్టుకునేది ఆ ఖాళీ చేతినే. మూసిన పుస్తకాన్ని చెదలు అట్ట మధ్య నుంచి కాక అంచుల నుంచి తినుకుంటూ వచ్చినట్టే ఇదీ జరుగుతుంది. పెద్ద పొరలు చక్కగా పేర్చి ఉన్న కార్బన్‌లో అంచులు తక్కువ. చిన్న చిన్న పొరలు చిందరవందరగా ఉన్నదానిలో అంచులే ఎక్కువ.

ఇక్కడ ఒక పాత అపోహను సరిదిద్దుకోవాలి. చార్ లోపల రంధ్రాలు ఎక్కువ ఉంటే, అంటే గ్రాముకు వందల చదరపు మీటర్ల లోపలి ఉపరితలం ఉంటే, చర్య వేగంగా సాగుతుందని పాఠ్యపుస్తకాలు తేలికగా చెబుతాయి. అది కొంతవరకే నిజం. పైగా ఆ ఉపరితలాన్ని కొలవడమే ఒక పేచీ. మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌తో కొలిస్తే ఆ చలిలో నైట్రోజన్ అణువులు సన్నటి రంధ్రాల్లోకి దూరలేక బయటే ఆగిపోతాయి, సంఖ్య తక్కువ వస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌తో కొలిస్తే అదే చార్‌కు ఎన్నో రెట్లు పెద్ద సంఖ్య రావచ్చు. ఏ సంఖ్య వచ్చినా అందులో చర్యకు పనికివచ్చే అంచులు ఎన్ని అన్నది అది చెప్పదు. 1963లో లేన్, వాస్టోలా, వాకర్ ఈ తేడాను ఎత్తిచూపి, మొత్తం ఉపరితలంలో చురుకైన భాగాన్ని విడిగా కొలవాలని చూపించారు. అరవై ఏళ్ళు దాటినా కొందరు ఆ పాఠాన్ని ఇంకా చదవలేదని నా ఫిర్యాదు.

పుట్టుక తరువాత కాల్పు. పుట్టుకతో వచ్చిన గుణం పుడకలతో గాని పోదంటారు. కార్బన్ విషయంలో ఈ సామెత అక్షరాలా నిజం, దాని పుట్టు గుణాన్ని పోగొట్టేది నిప్పే. చార్ తయారైన ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ, ఆ వేడిలో ఉన్న సమయం పెరిగే కొద్దీ, మిగిలి ఉన్న హైడ్రోజన్, ఆక్సిజన్ వెళ్ళిపోతాయి, చిన్న పొరలు కలిసి పెద్దవవుతాయి, అంచులు తగ్గుతాయి, సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. నా రెండో సీసాకు జరిగింది ఇదే. 600 డిగ్రీల దగ్గర చేసిన కట్టె బొగ్గుకూ సింగరేణి బొగ్గు చార్‌కూ మధ్య ఉన్న దూరం, రెండింటినీ 1400 డిగ్రీల దాకా తీసుకువెళితే చాలా తగ్గిపోతుంది. అందుకే తక్కువ ఉష్ణోగ్రతలో తయారు చేసిన చార్ మీద కొలిచిన సంఖ్యను, అంతకన్నా ఎంతో వేడిలో పనిచేసే యంత్రానికి నేరుగా వాడితే లెక్క తప్పుతుంది.

ఎంత వేడి అన్నదే కాక ఎంత తొందరగా వేడి అన్నది కూడా ముఖ్యమే. బొగ్గుల బట్టీలో కట్టె రోజుల తరబడి నెమ్మదిగా కాలుతుంది. ఆ బొగ్గు ముక్కను విరిచి భూతద్దంతో చూస్తే చెట్టులో నీళ్ళు పారిన నాళాలు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. నెమ్మదిగా వచ్చే తారు ఆవిర్లు బయటికి పోతూ పోతూ ఆ గోడల మీదే మళ్ళీ కార్బన్‌గా పేరుకుంటాయి. ఆ పేరుకున్న కార్బన్ మందకొడిది. అదే కట్టె పొడిని సెకనుకు వేల డిగ్రీల చొప్పున వేడెక్కే కొలిమిలోకి జల్లితే, ఆవిర్లు ఒక్కసారిగా గోడలను బద్దలు కొట్టుకుని బయటికి వస్తాయి. చార్ తక్కువ మిగులుతుంది. మిగిలినది పెద్ద రంధ్రాలతో, సర్దుకోవడానికి సమయం దొరకని పొరలతో, మరింత చురుకుగా ఉంటుంది. ఎక్కువ పీడనంలో కాల్చితే మళ్ళీ ఆవిర్లు లోపల ఎక్కువసేపు చిక్కుకుంటాయి కనుక చార్ దిగుబడి పెరుగుతుంది, చురుకు సాధారణంగా తగ్గుతుంది.

చురుకుదనం ఎప్పుడూ మంచిదే అనుకోకండి. మన విశాఖ ఉక్కు కర్మాగారంలో ఏడు మీటర్ల ఎత్తున్న కోక్ ఓవెన్లు ఉన్నాయి. వాటిలో బొగ్గును అంతసేపు కాల్చి కోక్ తీసేదే అది కార్బన్ డయాక్సైడ్‌కు తొందరగా లొంగకూడదని. బ్లాస్ట్ ఫర్నేసులో పైనున్న టన్నుల కొద్దీ ముడిసరుకును మోసేది కోకే; అది మధ్యలోనే కరిగిపోతే కొలిమి ఊపిరి ఆగిపోతుంది. అందుకని 200 గ్రాముల కోక్‌ను 1100 డిగ్రీల దగ్గర రెండు గంటలు కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచి, ఎంత శాతం తగ్గిందో చూస్తారు. సుమారు పావు వంతుకు మించి తగ్గితే ఉక్కు వాళ్ళు పెదవి విరుస్తారు. గ్యాసిఫయర్ నడిపేవారికి వరమైన గుణం వీరికి శాపం.

ఇక బూడిద సంగతికి వస్తాను. చార్‌ల చర్యాశీలతలో అన్నిటికన్నా పెద్ద పాత్ర, నా ఉద్దేశంలో, దీనిదే. బూడిద అంటే పనికిరాని మిగులు అన్న భావం మనకు అలవాటు. కానీ కట్టె బూడిదలో ఉండే పొటాషియం, కాల్షియం లోహాలు కార్బన్ వాయువుగా మారే చర్యకు ఉత్ప్రేరకాలు. పొటాషియం కార్బన్ అంచును అంటిపెట్టుకుని ఉండి, కార్బన్ డయాక్సైడ్ నుంచో ఆవిరి నుంచో ఆక్సిజన్‌ను అందుకుని పక్కనున్న కార్బన్‌కు అందిస్తుంది, మళ్ళీ తన పూర్వ స్థితికి వచ్చి ఇంకొకదానికి చేయి చాపుతుంది. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాడి లాంటిది దాని పని, తాను తినదు. ఈ పనిలో సాధారణంగా పొటాషియానిది మొదటి స్థానం, ఆ తరువాత సోడియం, ఆపైన కాల్షియం. లిగ్నైట్‌లో కాల్షియం పరమాణువుల స్థాయిలో కార్బన్ అంతటా చెదిరి ఉంటుంది కనుక మొదట బాగా పనిచేస్తుంది. వేడి ఎక్కువైతే అవి ఒకచోట చేరి గడ్డలు కట్టి బద్ధకిస్తాయి.

దీనిని రుజువు చేయడానికి ఖరీదైన పరికరం అక్కర లేదు. వరిగడ్డిని ముక్కలు చేసి ఒక సగాన్ని మామూలు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, ఆరబెట్టండి. గడ్డిలోని పొటాషియంలో అధిక భాగం నీళ్ళలో కరిగే రూపంలోనే ఉంటుంది, కనుక అది ఆ నీళ్ళతో వెళ్ళిపోతుంది. కడిగిన గడ్డినీ కడగనిదానినీ ఒకే రకంగా కాల్చి త్రాసులో పెడితే రెండు గీతలు రెండు దారులు పడతాయి. కడిగినది స్పష్టంగా వెనకబడుతుంది. డెన్మార్క్‌లో గోధుమ గడ్డితో విద్యుత్తు తయారు చేసేవారికి ఈ సంగతి మరో వైపు నుంచి తెలుసు. వానకు తడిసి రంగు మారిన బూడిదరంగు గడ్డిలో పొటాషియం, క్లోరిన్ తక్కువ ఉండి బాయిలర్ గొట్టాలను తక్కువ తింటుంది, కనుక దానిని పసుపు గడ్డి నుంచి వేరుగా చూస్తారు. మన గడ్డివాములకూ ఇదే వర్తిస్తుంది. పొటాష్ అన్న ఇంగ్లీషు మాట పుట్టిందే కుండలో కాచిన బూడిద నీళ్ళ నుంచి. హంఫ్రీ డేవీ 1807లో విడదీసిన లోహానికి ఆ మాటే పేరైంది.

అయితే పొటాషియం ఉన్నంత మాత్రాన సరిపోదు, దాని పక్కన ఎవరున్నారన్నది చూడాలి. సిలికా, అల్యూమినా ఉంటే అవి పొటాషియంతో కలిసి గాజు లాంటి సిలికేట్‌లుగా బిగుసుకుంటాయి. ఆ తరువాత పొటాషియం ఉన్నా లేనట్టే. రెండో గిన్నెలోని ఊక బొగ్గును చూడండి. ఊకలో బూడిదే 15 నుంచి 20 శాతం ఉంటుంది, ఆ బూడిదలో తొంభై శాతం దాకా సిలికా. ఒక మిల్లు యజమాని నన్ను అడిగాడు: "అయ్యా, ఎంత కాల్చినా మా గ్యాసిఫయర్ బూడిద నల్లగానే ఎందుకు వస్తోంది?" నల్లగా రావడమంటే కార్బన్ మిగిలిందనే అర్థం. ఊకలో ఉన్న కొద్దిపాటి పొటాషియం ఇక్కడ మేలు చేయకపోగా కీడు చేస్తుంది. అది సిలికా కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. మెత్తబడిన సిలికా, కార్బన్ కణాలను చుట్టి లోపల బంధిస్తుంది. కొలిమి వేడి పెంచితే కార్బన్ కాలకపోగా ఇంకా గట్టిగా చిక్కుకుంటుంది. ఊకను ముందుగా పలచటి ఆమ్లంతో కడిగి పొటాషియం తీసేసి కాల్చితే బూడిద తెల్లగా వస్తుంది. కట్టెలో చురుకు పుట్టించిన పొటాషియమే ఊకలో కార్బన్‌కు సంకెళ్ళు వేసిందన్నమాట. అందుకే బయోమాస్ చార్ నేలబొగ్గు చార్ కన్నా చురుకైనదన్న సాధారణ సూత్రాన్ని ఊక ముందు పెడితే నిలవదు. పొటాషియం ఒక్కదాన్నే కాక, సిలికాన్, ఫాస్ఫరస్‌ల మొత్తంతో దాని నిష్పత్తిని చూడడం ఇప్పుడు వాడుకలోకి వచ్చింది.

ఉత్ప్రేరకం వల్ల మరొక వింత కూడా జరుగుతుంది. చార్ తరుగుతున్న కొద్దీ రంధ్రాలు పెరిగి వేగం కొంత పెరగాలి, ఆపైన రంధ్రాల మధ్య గోడలు కూలి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి కనుక తగ్గాలి. 1980లో భాటియా, పెర్ల్ముటర్ ప్రతిపాదించిన యాదృచ్ఛిక రంధ్ర నమూనా ప్రకారం ఆ గరిష్ఠ వేగం ఎప్పుడు వచ్చినా 39 శాతం కార్బన్ తరిగేలోపే రావాలి. నేలబొగ్గు చార్‌లకు ఇది చాలా చోట్ల సరిపోతుంది. కట్టె చార్‌లలో మాత్రం మూడు వంతులు అయిపోయిన తరువాత కూడా, మిగిలిన కార్బన్‌తో పోల్చి చూస్తే, వేగం ఎగబాకుతూనే ఉంటుంది. కార్బన్ పోతోంది కానీ పొటాషియం చాలావరకు అక్కడే ఉంది. తినేవాళ్ళు తగ్గినా వడ్డించేవాళ్ళు తగ్గలేదు.

ఇంతవరకు చెప్పినదంతా వాయువు ప్రతి అంచుకూ అందుతోందన్న నమ్మకం మీద నడిచింది. నిజమైన కొలిమిలో ఆ హామీ లేదు. తక్కువ ఉష్ణోగ్రత దగ్గర చర్య నెమ్మది కనుక వాయువు ముక్క లోపలి దాకా తీరికగా చేరుతుంది. అప్పుడు కొలిచేది చార్ అసలు గుణమే. చర్య జరగడానికి దాటవలసిన శక్తి గట్టును ఉత్తేజన శక్తి అంటారు. అది మోలుకు 220 కిలోజౌల్‌లు ఉన్న చర్యను 800 నుంచి 850 డిగ్రీలకు తీసుకువెళితే వేగం మూడు రెట్లవుతుంది. లెక్క వేసి చూసుకోండి. వేడి ఇంకా పెరిగితే వాయువు రంధ్రాల్లోకి చేరేలోపే పై పొరల్లో ఖర్చయిపోతుంది. అప్పుడు పైకి కనిపించే ఉత్తేజన శక్తి సగానికి పడిపోతుంది, అదే యాభై డిగ్రీల పెంపుకు వేగం 1.7 రెట్లే పెరుగుతుంది. మరీ వేడెక్కితే ముక్క చుట్టూ ఉన్న వాయు పొరను దాటడమే అసలు అడ్డంకి అవుతుంది. ఆ స్థితిలో సరుగుడు బొగ్గుకూ కోక్‌కూ పెద్ద తేడా ఉండదు, ముక్క పరిమాణమే అన్నీ తేలుస్తుంది. నివురు గప్పిన నిప్పు అని మనం ఊరికే అనలేదు. కుంపటిలో కణిక మీద తెల్లటి నివురు పేరుకుంటే లోపలికి గాలి అందక నిప్పు అణిగి ఉంటుంది, విసనకర్రతో విసిరితే నివురు లేచిపోయి కణిక ఎర్రబడుతుంది. చార్ గుణం రెండు క్షణాల్లో మారలేదు, గాలికి దారి దొరికింది, అంతే.

చర్యలో పుట్టిన వాయువులే చర్యకు అడ్డుపడడం కూడా ఉంది. కార్బన్ మోనాక్సైడ్ పోగైతే అంచున అతుక్కున్న ఆక్సిజన్‌ను వెనక్కి లాక్కుని మళ్ళీ కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. 1956లో ఎర్గున్ ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని సమీకరణంలో పెట్టాడు. ఆవిరి చర్యలో హైడ్రోజన్ అలాంటి అడ్డే వేస్తుంది. శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్‌లో తీసిన సంఖ్యలు గ్యాసిఫయర్‌లో ఆశించినంత రాకపోవడానికి ఇదొక కారణం.

మన నేల మీద ఈ విషయాలు ఎక్కడ ఎదురవుతాయో చూద్దాం. రామగుండంలో 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం నేలబొగ్గు మీద నడిచింది. అందులోని కాపర్స్ టోట్జెక్ గ్యాసిఫయర్‌లు పిండి చేసిన బొగ్గును ఆక్సిజన్‌తో అత్యధిక ఉష్ణోగ్రతలో క్షణాల్లో వాయువుగా మార్చే రకం. అంత వేడిలో చార్ చురుకు అంతగా పట్టింపు కాదు. మన బొగ్గులో ముప్పై, నలభై శాతం ఉండే బూడిదను అంత దాకా వేడెక్కించి కరిగించడమే భారం. హైదరాబాదులో బీహెచ్ఈఎల్ సంస్థ తన పరిశోధన కేంద్రంలో, ఎక్కువ బూడిద ఉన్న భారతీయ బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మెథనాల్ తీసే ప్రయోగాత్మక కర్మాగారాన్ని నెలకొల్పింది, 2022 జనవరిలో దానిని ప్రారంభించారు. అది ఫ్లూయిడైజ్డ్ బెడ్ పద్ధతి, అంటే కింది నుంచి వాయువును ఊది కణాల పడకను మరిగే ద్రవంలా కదిలించేది. బూడిద మెత్తబడి గడ్డలు కట్టకూడదు కనుక అలాంటి పడకలో వేడిని ఒక హద్దు దాటనివ్వరు. కార్బన్ ఎంత మిగులుతుందన్నది అక్కడ చార్ చురుకు మీదనే తేలాలి.

ఈ బొగ్గుకు పత్తి కట్టెనో గడ్డినో కలిపితే, బయోమాస్‌లోని పొటాషియం నేలబొగ్గు చార్‌ను కూడా ఉత్సాహపరుస్తుందని చాలా పత్రాలు ఆశ చూపుతాయి. ఆ ఆశ పూర్తిగా తప్పు కాదు. కాకపోతే మన బొగ్గు బూడిదలో ఎక్కువ భాగం బంకమన్ను జాతి ఖనిజాలు, అంటే సిలికా, అల్యూమినాలే. ఎక్సాన్ సంస్థ 1970లలో పొటాషియం కార్బనేట్‌ను బొగ్గుకు పట్టించి, 700 డిగ్రీల పరిసరాల్లో గ్యాసిఫికేషన్ చేసే పద్ధతిని అభివృద్ధి చేసినప్పుడు, పొటాషియంలో కొంత భాగం బంకమన్నుతో కలిసి తిరిగిరాకుండా పోవడం వారికి పెద్ద తలనొప్పి అయింది. వారి బొగ్గులో ఉన్నదానికన్నా మన బొగ్గులో బంకమన్ను ఎంతో ఎక్కువ. కనుక తక్కువ బూడిద ఉన్న విదేశీ బొగ్గు మీద వచ్చిన ఫలితాన్ని సింగరేణి బొగ్గుకు అంటగట్టే ముందు మన బొగ్గుతో, మన గడ్డితో ప్రయోగం చేసి చూడాలి. థర్మల్ కేంద్రాల్లో ఐదు శాతం బయోమాస్ గుళికలు కలిపి కాల్చాలని 2021 అక్టోబరులో కేంద్రం విధానం తెచ్చిన తరువాత ఈ ప్రయోగాల అవసరం ఇంకా పెరిగింది. బాయిలర్‌లో ఆక్సిజన్ ఉంటుంది కనుక చార్ మిగిలిపోతుందన్న భయం తక్కువ. అయినా గుళికలను బొగ్గంత మెత్తగా పిండి చేయడం సాధ్యం కాదు, కాబట్టి పెద్ద ముక్కలు పొయ్యిలోనే పూర్తిగా కాలిపోతాయా లేదా అన్నది వాటి చురుకు, పరిమాణం రెండూ కలిసి తేల్చాలి.

ఈ గిన్నెలను మీ మధ్యకు పంపుతున్నాను, దగ్గరగా చూడండి. ఊక బొగ్గును వేళ్ళ మధ్య నలిపితే గరగరమంటుంది, అది సిలికా. సరుగుడు బొగ్గు ముక్కను గిన్నె అంచుకు తట్టి వినండి. బాగా వేడిలో కాలినదైతే లోహంలా ఖంగుమంటుంది, చేతికి మసి పెద్దగా అంటదు; అరకొరగా కాలినదైతే మొద్దుగా మోగి వేళ్ళు నల్లబడతాయి. అది ఎన్ని డిగ్రీల దగ్గర తయారైందో నేను కావాలనే చెప్పలేదు. విన్న తరువాత మీ అంచనా చెప్పండి, ఈసారి సీసా మీద అన్నీ రాసి ఉంచాను, సరిచూద్దాం.